వీధి తలుపు దగ్గర చాటింపు

1981వ సంవత్సరం మే నెల నాలుగవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీ అదెలీను క్వరెష్మ గారు అరిఫేరా పట్టణ పౌర రిజిస్ట్రారు కార్యాలయంలో మూడవ తరగతి గుమాస్తాగా చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై మూడు. వెంట తెచ్చుకున్నవి ఒక నల్ల సిరా కలం, చొక్కాకు సిరా అంటకుండా తల్లి కుట్టి ఇచ్చిన ముంజేతి తొడుగులు. ఆ రోజు మొదలు 2024 ఫిబ్రవరి 29 వరకు, అంటే నలభై రెండేళ్ళ తొమ్మిది నెలల ఇరవై అయిదు రోజులు, ఈ పట్టణంలో పుట్టినవారి పేర్లు, పెళ్ళాడినవారి పేర్లు, కన్నుమూసినవారి పేర్లు వారి చేతి మీదుగానే పుస్తకంలోకి ఎక్కాయి.

వారి విరమణ సందర్భంగా మా కార్యాలయ పత్రిక ఈ సంచికలో వారిని గురించి రాయవలసిందిగా రిజిస్ట్రారు గారు కోరినప్పుడు, కార్యాలయంలో చదువుకున్నవారు ఇంతమంది ఉండగా నేనెందుకని అడిగాను. "మేమంతా ఆయన పని చూశాం, మీరు ఆయన్ను చూశారు జుల్మీరా గారూ" అన్నారు ఆమె. నేను ఈ కార్యాలయంలో 1989 నుండి ఇరవై తొమ్మిదేళ్ళు నేల తుడిచాను, కిటికీలు కడిగాను, పుస్తకాల మీద దుమ్ము దులిపాను. అక్షరాలు నాకు యాభై ఏడవ ఏట వచ్చాయి. కాబట్టి వాక్యాలలో లోపాలుంటే చదువరులు మన్నించాలనీ, విషయంలో లోపాలుంటే అదెలీను గారే సరిదిద్దాలనీ మనవి చేస్తున్నాను.

అదెలీను గారి గొంతు గురించి చెప్పకుండా వారి ఉద్యోగం గురించి చెప్పడం కుదరదు. వారు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, సార్డీను చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి పసిబిడ్డను ఎత్తుకొని పుట్టుక నమోదుకు వచ్చింది. పై అధికారులు నేర్పిన ప్రకారం అదెలీను గారు స్పష్టంగా, అందరికీ వినపడేటట్టు "బిడ్డ తండ్రి పేరు?" అని అడిగారు. ఆ అమ్మాయి మాట్లాడలేదు. వరుసలో వెనక నిలబడినవారు నవ్వారు. ఆమె బిడ్డను శాలువలో చుట్టుకొని వెళ్ళిపోయి, మూడు వారాల తరువాత మళ్ళీ వచ్చింది. ఆలస్యమైనందుకు ఏమంటారోనన్న భయంతో బిడ్డ పుట్టి మూడు రోజులే అయిందని చెప్పింది. ఈ పట్టణంలో అలా ఇంట్లో ఒక పుట్టినరోజు, కాగితంలో ఒక పుట్టినరోజు ఉన్నవారు చాలామందే ఉన్నారు. అయితే ఆ ఒక్క బిడ్డకు రెండు పుట్టినరోజులు తన గొంతువల్ల వచ్చాయని అదెలీను గారు అనుకున్నారు. ఆ తరువాత దాదాపు ముప్పై ఏళ్ళు కౌంటరు దగ్గర వారు గొంతు పెంచగా విన్నవారు లేరు.

కౌంటరు ముందు నిలబడిన మనిషికి వినపడాలి, ఆ మనిషి వెనక నిలబడినవారికి వినపడకూడదు అన్నది వారు తమకు తాము పెట్టుకున్న నియమం. కొత్తగా వచ్చిన గుమాస్తాలకు మొదట నేర్పింది కూడా అదే. విడాకులు, తండ్రి లేని బిడ్డలు, ఎక్కడో పోయిన మగవారు, ఎవరికీ తెలియని మొదటి పెళ్ళిళ్ళు వారి చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఊరివారు వారికి 'గుసగుసల గుమాస్తా' అని పేరు పెట్టారు. ఇంట్లో కూడా వారు అలాగే మాట్లాడతారనీ, సూపులో ఉప్పు చాలలేదన్న సంగతి తనకు మరునాడు తెలుస్తుందనీ వారి భార్య గ్రసియేట్ గారు చెబుతుంటారు.

నేను వారిని మొదటిసారి చూసింది 1987లో. నా భర్త ఎక్కిన పడవ తిరిగి రాలేదు. మరణ నమోదు కాగితం నా ముందు పెట్టినప్పుడు నాకది చదవడం రాదని వారికి చెప్పలేకపోయాను. వారు అడగలేదు. కౌంటరు మీదికి వంగి, కాగితంలో ఉన్నదంతా నాకొక్కదానికే వినపడేలా చదివారు. చివర 'వితంతువు' అన్న మాట దగ్గర ఆగి, "ఈ మాట మీద మీకు ఏమేం వస్తాయో చెబుతాను వినండమ్మా" అని పింఛను, ఇల్లు, సమాధి స్థలం, పిల్లల మీద హక్కు గురించి ఒక్కొక్కటే చెప్పారు. నేను వేలిముద్ర వేశాను. ఒక్క మాట ఇంత పనిచేస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

తొంభైలలో వారు రెండవ తరగతికి, ఆపైన మొదటి తరగతికి పదోన్నతి పొందారు. కార్యాలయం పాత మేడనుండి ఇప్పటి భవనానికి మారినప్పుడు, నూట పద్నాలుగు తోలు అట్టల పుస్తకాలను కూలీల చేత మోయించడానికి ఒప్పుకోక, చక్రాల బండి మీద దుప్పటి పరిచి నాలుగు రోజులపాటు వారే స్వయంగా తరలించారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు రెండు వేళ్ళతో నేర్చుకున్నారు, చివరిదాకా ఆ రెండు వేళ్ళతోనే పనిచేశారు. పుస్తకాలలో రాయడం ఆగిపోయిన రోజున కలం కడిగి, తుడిచి, సొరుగులో పెట్టడం నేను చూశాను.

2010 జూన్‌లో, ఇద్దరు స్త్రీలు గానీ ఇద్దరు పురుషులు గానీ వివాహం చేసుకోవచ్చునన్న చట్టం అమలులోకి వచ్చింది. కొత్త నమూనా పత్రాలు రాజధాని నుండి వచ్చాయి. "ఈ ఊళ్ళో ఎవరొస్తారు?" అని కార్యాలయంలో కొందరు నవ్వారు. అదెలీను గారు నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా మరణ నమోదులు రాసినవారు కాబట్టి, నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఒకరితో బతికిన మనిషి పేరు పక్కన 'అవివాహితుడు' అని ఎన్నిసార్లు రాశారో వారికి తెలుసు. కొత్త చట్టం ప్రతిని చదివి, అంచుల్లో పెన్సిలు గీతలు పెట్టుకొని, కౌంటరు కింద అరలో ఉంచుకున్నారు. అయిదు నెలలు ఎవరూ రాలేదు.

నవంబరు 18, గురువారం ఉదయం ఒక స్త్రీ వచ్చి వరుసలో నిలబడింది. పేరు దియొలిందా. అరవై మూడేళ్ళు. ఎవరైనా వచ్చి వెనక నిలబడగానే "మీరు ముందు వెళ్ళండి" అని వారికి చోటిచ్చేది. అలా నాలుగుసార్లు ఇచ్చింది. చివరికి హాలులో నేనూ నా తుడుపుకర్ర తప్ప ఎవరూ లేనప్పుడు కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అదెలీను గారి గుసగుసకు నా చెవులు ఇరవై ఏళ్ళుగా అలవాటుపడ్డాయి కాబట్టి వారి మాటలు నాకు వినపడ్డాయి.

"మా చుట్టాలావిడకి ఒంట్లో బాలేదండీ. ఆవిడ కోసం అడుగుతున్నా."

"అడగండమ్మా."

"ఇద్దరు ఆడవాళ్ళయినా పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చిందట కదా. కాగితాలకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మామూలుగా అయితే ఒక నెల."

"డాక్టరు రెండు రోజులన్నాడు" అని దియొలిందా కౌంటరు అంచు పట్టుకుంది.

పడవలవాళ్ళ వీధిలో, ఆకుపచ్చ తలుపు ఉన్న ఇంట్లో, దియొలిందా, ఒర్టెన్సియా అనే ఈ ఇద్దరూ ముప్పై ఒక్క ఏళ్ళుగా కలిసి ఉంటున్నారు. ఇల్లు ఒర్టెన్సియాది. వీధివారు వారిని పినతల్లి బిడ్డలనుకునేవారు. కాలేయపు జబ్బుతో ఒర్టెన్సియాను జిల్లా ఆసుపత్రిలో చేర్చినప్పుడు, "మీరు ఆమెకేమవుతారు?" అని దియొలిందాను అడిగారు. "ఒకే ఇంట్లో ఉంటాం" అంది. పదకొండు రోజులు ఆమె వరండాలో కుర్చీ మీద కూర్చుంది. లోపల సంతకాలు పెట్టింది ఏడాదికి ఒకసారి కనిపించే మేనల్లుడు వల్దెమార్. అతడు చెడ్డవాడేమీ కాదు. "అత్త పోయాక ఇల్లు అమ్మేస్తా గానీ, మీరు ఈస్టరు దాకా ఉండండి, తొందరేం లేదు" అని దియొలిందాకు చెప్పాడు. ఆ మాట విన్న రోజునే ఒర్టెన్సియా తనను ఇంటికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది.

వివాహం కాని పక్షంలో చట్టం దియొలిందాకు ఇచ్చేది కొద్దే. కలిసి బతికారని ఊరి పెద్దల సమితి చేత రాయించి రుజువు చేసుకోగలిగితే ఆ ఇంట్లో కొన్నేళ్ళు ఉండవచ్చు. వారసత్వం మాత్రం మేనల్లుడిదే. వివాహమైతే భార్యే వారసురాలు, పింఛను ఆమెది, సమాధి ఎక్కడో నిర్ణయించే అధికారం ఆమెది. వీలునామా రాయించలేదా అని అదెలీను గారు అడిగారు. "నోటరీ సోమవారం గానీ దొరకడట. అయినా తనే వద్దంటోందండీ. 'వీలునామాతో నీకు ఇల్లొస్తుందే, నా మంచం పక్కన కుర్చీ రాదు' అంటోంది" అని దియొలిందా చెప్పింది.

మా దేశపు చట్టంలో ఇటువంటి సమయం కోసం ఒక పాత ఏర్పాటు ఉంది. మనిషి మరణానికి దగ్గరలో ఉన్నప్పుడు నెల రోజుల కాగితాలు లేకుండానే, ఉన్నచోటనే వివాహం జరిపించవచ్చు. దానికి మూడు షరతులు. ఇంటి గుమ్మం దగ్గర, ఈ ఇంట్లో ఫలానావారికి వివాహం జరగబోతోందని చాటింపు వేయాలి. నలుగురు సాక్షుల ఎదుట ఇద్దరూ తమ సమ్మతి చెప్పాలి. అక్కడే కాగితం రాసి, సంతకం రానివారు తప్ప అందరూ సంతకం పెట్టాలి. ఆ తరువాత రిజిస్ట్రారు దానిని పరిశీలించి ధ్రువపరచాలి.

రిజిస్ట్రారు గారి అనుమతితో అదెలీను గారు వెంటనే బయలుదేరారు. సొరుగులోంచి పాత కలం తీసుకొని, సాక్షిగా నన్ను వెంట రమ్మన్నారు. దారిలో దియొలిందా ఒక్కటే కోరింది. "వెనకవైపునుంచి రండి సెన్యోర్ అదెలీను. మేమూ అటునుంచే తిరుగుతాం."

వెనక పెరట్లో ఒక నిమ్మచెట్టు, అయిదారు కోళ్ళు ఉన్నాయి. ఇంట్లో ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఒర్టెన్సియా పక్కన కూర్చుని ఉంది. అదెలీను గారు వంటగది గుమ్మం మీద నిలబడి, టోపీ తీసి, పెరటివైపు తిరిగి, తమకు అలవాటైన గొంతుతో చాటింపు వేశారు. పక్కనే ఉన్న నాకు సగం వినపడింది. కోళ్ళకు అదీ వినపడి ఉండదు. తరువాత బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టారు. తేదీ రాశారు. పేర్లు రాశారు. 'ఇంటి గుమ్మం వద్ద చాటింపు వేయడమైనది' అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది దియొలిందా.

"ఇది రాయలేనమ్మా. నేను చాటలేదు. నాలో నేను చెప్పుకున్నాను. తప్పు నాదే."

"చట్టం గుమ్మం దగ్గరన్నది. గుమ్మం దగ్గరే చెప్పారు కదా!"

"నలుగురికీ వినపడటానికమ్మా అది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పడానికి. వినపడలేదని రేపు మీ వల్దెమార్ అంటే నేనేం చెప్పను? అదీగాక సాక్షులు నలుగురు కావాలి. ఇక్కడ ఇద్దరే ఉన్నారు." వారు కాగితం పక్కన పెట్టారు. "వీధి తలుపు తియ్యాలి."

దియొలిందా అడ్డంగా తల ఊపింది. "వద్దు. ఎదురింట్లో కాపితొలీనా ఉంటుంది. దానికి తెలిస్తే రేపటికి ఊరంతా తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు మూసుకొని బతికామండీ. ఇదంతా అయ్యాక ఈ వీధిలో ఉండాల్సింది నేనొక్కదాన్నే."

అదెలీను గారు ఆమెను తొందరపెట్టలేదు. ఇతరుల రహస్యాలను ముప్పై ఏళ్ళు కాపాడిన మనిషి ఆ గదిలో, టోపీ చేతిలో పట్టుకొని నిలబడ్డారు. మాట్లాడింది మంచం మీద ఉన్న ఒర్టెన్సియా.

ఒర్టెన్సియా ముప్పై ఏళ్ళు ఆ డబ్బాల ఫ్యాక్టరీలోనే మేస్త్రీగా పనిచేసింది. సార్డీనుతో పడవలు వచ్చినప్పుడల్లా వీధి మొదట్లో నిలబడి, పనివాళ్ళను పేరు పేరునా పిలిచేది. రేవు దాకా వినపడే ఆ గొంతు ఇప్పుడు అదెలీను గారి గొంతుకంటే సన్నగా వచ్చింది.

"దియో, తియ్యవే తలుపు."

"నీకేం, నువ్వు పోతావు."

"పోతాను గనకే తియ్యమంటున్నా. నేను పోయాక నిన్ను ఎవరే నువ్వు అని అడిగితే ఏం చెప్తావ్? ఒకే ఇంట్లో ఉంటాం అంటావా మళ్ళీ?" తరువాత ఆమె అదెలీను గారివైపు చూసింది. "నాకు గొంతుంటే నేనే అరిచేదాన్నయ్యా. ఇప్పుడది లేదు. నీది ఇయ్యి."

వీధి తలుపు ఎన్నేళ్ళుగానో తీసింది కాదు. గొళ్ళెం బిగుసుకుపోయింది. దియొలిందా వంటగదిలోంచి ఆలివు నూనె సీసా తెచ్చి గొళ్ళెం మీద, బందుల మీద పోసింది. నేను గొళ్ళెం పట్టి లాగాను. తలుపు తెరుచుకుంది. ఎండ మంచం కాళ్ళదాకా వచ్చింది.

వీధిలో కాపితొలీనా బొగ్గుల పొయ్యి మీద చేపలు కాలుస్తోంది. పక్క అరుగు మీద ఫిర్మీను అనే ముసలి సరంగు వల బాగుచేసుకుంటున్నాడు. ఫ్యాక్టరీనుండి భోజనానికి వచ్చే ఆడవాళ్ళు ఆరేడుగురు నడిచివస్తున్నారు. అదెలీను గారు గుమ్మం మీద నిలబడి మాట్లాడారు.

"ఏంటయ్యా గొణుగుతున్నావ్?" అంది కాపితొలీనా పొయ్యి దగ్గరినుంచే. "దేవుడి పటాలు అమ్ముతున్నావా? మాకొద్దు!"

వారు మళ్ళీ చెప్పారు. మధ్యలో గొంతు జీరబోయింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆగి నవ్వారు. వెనకనుంచి ఒర్టెన్సియా, "గొంతులోంచి కాదయ్యా, పొట్టలోంచి. కాళ్ళు ఎడంగా పెట్టు. ఊపిరి నిండా పీల్చు. ఆ, ఇప్పుడు" అంది.

అదెలీను గారు కాళ్ళు ఎడంగా పెట్టారు. ఊపిరి నిండా పీల్చారు.

"ఈ వీధివారందరికీ తెలియజేయునది! ఈ ఇంట్లో నివసిస్తున్న ఒర్టెన్సియా, దియొలిందా అనే ఇద్దరూ, ఇప్పుడే, ఇక్కడే, చట్టప్రకారం వివాహం చేసుకోబోతున్నారు! అభ్యంతరం ఉన్నవారు ముందుకు వచ్చి చెప్పవచ్చును! సాక్షులు ఇద్దరు కావలెను!"

ఆ గొంతు వారిదేనా అని నేను తల తిప్పి చూశాను. ఎదురు మేడ మీది పావురాలు లేచిపోయాయి. వీధిలో అందరూ ఎక్కడివారక్కడే నిలబడ్డారు. ఒకాయన టోపీ సర్దుకొని, నేలవైపు చూస్తూ వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో ఒకామె శిలువ గుర్తు వేసుకుంది. కాపితొలీనా చేపలను పొయ్యి మీదే వదిలి, చేతిలో పట్టకారుతో వీధి దాటి వచ్చింది. దియొలిందా గోడకు ఆనుకుంది.

"ముప్పై ఏళ్ళు!" అంది కాపితొలీనా. "ముప్పై ఏళ్ళు ఎదురుగుండా కాపురముండి నాకు చెప్పలేదా? మా ఆయన పోయినప్పుడు మూడ్రోజులు నా నోట్లో సూపు పోసింది నువ్వే కదే, నా పక్కన పడుకుంది నువ్వే కదే! నా మొగుడి సంగతులన్నీ నీకు చెప్పాను. సిగ్గు లేకుండా అన్నీ చెప్పాను! నువ్వు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు!"

"భయమేసింది కాపితొలీనా" అంది దియొలిందా.

"నేనంటేనా?"

"నువ్వంటేనే."

కాపితొలీనా పట్టకారు నా చేతిలో పెట్టి, ముక్కు చీదుకొని, "ఎక్కడ పెట్టాలి సంతకం?" అంది.

నాలుగవ సాక్షి కోసం అదెలీను గారు ఫిర్మీను వైపు చూశారు. ఆయన వల పక్కన పెట్టి నెమ్మదిగా లేచాడు. "నాకీ చట్టం నచ్చదు. ముందే చెప్తున్నా. ఆడది ఆడదాన్ని చేసుకోవడమేంటో నాకర్థం కాదు. కానీ మా పెద్దదానికి ఆ ఫ్యాక్టరీలో పనిప్పించింది ఒర్టెన్సియా. చచ్చిపోయే మనిషి సంతకం అడిగితే లేదని చెప్పి నేను రేవులో తలెత్తుకొని తిరగలేను. కలం ఇలా తే" అన్నాడు.

పదకొండు గంటల నలభై నిమిషాలకు ఇద్దరూ తమ సమ్మతి చెప్పారు. దియొలిందా మాట స్పష్టంగా ఉంది. ఒర్టెన్సియా మాటను అదెలీను గారు వంగి విన్నారు, విన్నది మాకు చెప్పారు, ఆమె తల ఊపింది. కాగితం కొత్తది రాశారు. సాక్షులలో రెండవ సంతకం నాది. ప్రభుత్వ కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది. కాపితొలీనా పొయ్యి మీది చేపలు మాడిపోయాయి. అయినా ఆమె వాటినే పళ్ళెంలో పెట్టి తెచ్చి, "పెళ్ళివిందు" అంది. ఒర్టెన్సియా నవ్వింది.

ఒర్టెన్సియా శనివారం సాయంత్రం కన్నుమూసింది. సోమవారం దియొలిందా మరణ నమోదుకు వచ్చింది. వివాహం ఇంకా ధ్రువపడలేదు కాబట్టి అదెలీను గారు ఆ గడిలో 'అవివాహిత' అని రాయవలసి వచ్చింది. "ఇది ఇప్పటికేనమ్మా" అని ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పారు. ఆమె తల ఊపింది గాని, తన వెనక ఎవరున్నారో చూసి త్వరగా వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే వల్దెమార్ లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. గుమాస్తా పెరట్లో కోళ్ళకు చాటింపు వేయడం తాము చూశామని వెనక ఇంటివారు చెప్పారనీ, చట్టం చెప్పిన చాటింపు జరగలేదు కాబట్టి వివాహం చెల్లదనీ రాశాడు. విచారణ రోజున రిజిస్ట్రారు గారు అదెలీను గారిని అడిగారు. అబద్ధం చెప్పవలసిన పని కూడా లేదు, ఊరకుంటే చాలు. కాని వారు సగం రాసి ఆపిన మొదటి కాగితాన్ని చింపకుండా దాచి ఉంచారు. దానిని తీసి బల్ల మీద పెట్టి, "వెనక ఇంటివారు చెప్పింది నిజమే. మొదట పెరట్లో చెప్పాను. అది చాటింపు కాదు, నా పొరపాటు. తరువాత వీధిలో చాటాను. రెండింటికీ బాధ్యుణ్ణి నేనే" అన్నారు. దియొలిందా అక్కడే కూర్చుని ఉంది. ఇల్లు పోయిందనే అనుకున్నానని తరువాత నాతో చెప్పింది.

అందరి వాంగ్మూలాలూ తీసుకున్నారు. గుసగుసల గుమాస్తా అరిచాడంటే ఈ ఊళ్ళో ఎవరైనా నమ్ముతారా అని వల్దెమార్ అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నర్సమ్మ, నేను, కాపితొలీనా మేము విన్నామని చెప్పాము. మేము ఆ ఇంటి పక్షం వాళ్ళమని అతడన్నాడు. చివరికి ఫిర్మీనును పిలిచారు. ఆయనకు ఈ చట్టం ఇష్టం లేదని వల్దెమార్‌కు తెలుసు కాబట్టి అతడు కొంచెం ధైర్యంగా కూర్చున్నాడు.

"చాటింపు మీకు వినపడిందా?" అని రిజిస్ట్రారు గారు అడిగారు.

"ఆఁ?" అన్నాడు ఫిర్మీను.

"చాటింపు! మీకు! వినపడిందా!"

"అరవకండమ్మా. పడవ ఇంజను పక్కన నలభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, రెండు చెవులూ పోయాయి. చర్చి గంట కూడా వినపడదు నాకు." ఆయన అదెలీను గారి వైపు వేలు చూపించాడు. "ఈయన మాత్రం వినపడ్డాడు."

వివాహం ధ్రువపడింది. వల్దెమార్ లేచి, దియొలిందాతో కరచాలనం చేసి వెళ్ళాడు. ఆ మర్యాదను కూడా ఇక్కడ నమోదు చేయడం న్యాయమని అదెలీను గారు నాతో అన్నారు.

డిసెంబరు మొదటి వారంలో, మరణ నమోదు పక్కన సవరణ రాయడానికి దియొలిందా మళ్ళీ కార్యాలయానికి వచ్చింది. క్రిస్మసు ముందరి రోజులు కావడంతో వరుస తలుపుదాకా ఉంది. ఈసారి ఆమె ఎవరికీ చోటివ్వలేదు. అదెలీను గారు సవరణ రాసి, నియమం ప్రకారం ఆమెకు చదివి వినిపించడానికి కౌంటరు మీదికి వంగారు.

"వంగకండి సెన్యోర్ అదెలీను" అంది దియొలిందా. "కొంచెం గట్టిగా చదవండి."

వారు నిటారుగా నిలబడి, హాలు చివరిదాకా వినపడేటట్టు చదివారు. "మృతురాలు వివాహిత. భార్య, దియొలిందా." వరుసలో ఎవరూ నవ్వలేదు. దియొలిందా సంతకం పెట్టి, చేతిసంచి సర్దుకొని, వరుస పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్ళింది. కౌంటరు దగ్గర అదెలీను గారు గొంతు పెంచడం ముప్పై ఏళ్ళ తరువాత అదే మొదటిసారి.

ఆ తరువాతి పదమూడేళ్ళలో మరికొందరు వచ్చారు. నెలరోజుల కాగితాలతో, చేతిలో పూలతో, పక్కన తల్లులతో వచ్చినవారు కొందరు. ఎవరూ లేకుండా ఇద్దరే వచ్చినవారు కొందరు. ఒకరికి జబ్బు చేస్తే మరొకరు డాక్టరుతో మాట్లాడే హక్కు, ఒకరు పోతే మరొకరికి వచ్చే సెలవు, పింఛను, వారసత్వం, పరదేశపు భాగస్వామికి దొరికే నివాసపత్రం, 2016 తరువాత ఇద్దరూ కలిసి బిడ్డను దత్తత తీసుకునే వీలు ఒక్కొక్కటే వివరించి, ఆపైన "చదివి వినిపించాలి. మెల్లగా చదవమంటారా, గట్టిగా చదవమంటారా?" అని అడగడం వారికి అలవాటైంది. ఎవరికి ఏది కావాలంటే అలాగే చదివారు. మొదటి తరగతి గుమాస్తాగానే విరమించారు. పై పదవికి పరీక్ష రాయమని రెండుసార్లు అడిగితే, పై పదవిలో కౌంటరు ఉండదని వద్దన్నారు.

శ్రీ అదెలీను క్వరెష్మ గారికి కార్యాలయంలోని అందరి తరఫున, విరమించిన మా తరఫున నమస్కారాలు. వారి మోకాళ్ళు వారి మాట వినాలనీ, కళ్ళు చిన్న అక్షరాలను చాలాకాలం గుర్తుపట్టాలనీ, గ్రసియేట్ గారితో కలిసి ఇంకా ఎన్నో సార్డీను కాలాలు చూడాలనీ, సూపులో ఉప్పు సంగతి వేడిగా ఉన్నప్పుడే చెప్పగలగాలనీ కోరుకుంటున్నాము. ఏటా నవంబరు 18న వారు దియొలిందా గారింటికి కాఫీకి వెళతారు. కాపితొలీనా వస్తుంది. ఫిర్మీను ఉన్నన్నాళ్ళూ వచ్చాడు. నేనూ వెళతాను. ఇకమీదట వారికి సెలవు పెట్టవలసిన పని లేదు కాబట్టి ఏ గురువారమైనా రావచ్చునని చెప్పమని దియొలిందా గారు ఈ వ్యాసంలో నా చేత రాయించారు. ఆ ఇంట్లో ఇప్పుడు గొళ్ళెం బిగుసుకుపోయింది వెనక తలుపుకే. వీధి తలుపు తీసే ఉంటుంది.

— జుల్మీరా పచేకు
విశ్రాంత పారిశుద్ధ్య ఉద్యోగిని